పానా వెతుక్కోవడానికే పూట గడిచిపోతుంటే

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లారీ రిపేర్ షెడ్డు నాది. ఎనిమిది మంది కుర్రాళ్లు, అందరూ పనిమంతులే, అయినా సాయంత్రానికి బళ్లు తెమలవు. గట్టిగా అరిస్తే మానేస్తారని భయం. ఏం చేయమంటారు?

జవాబు: అరవకండి. ఒక రోజంతా ఓ మూల కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు పని ఆపి లేచారో, ఎందుకు లేచారో రాసుకోండి. "పద్నాలుగో నంబర్ పానా ఎక్కడరా" అన్న కేకే ఎక్కువ వినపడుతుందని నా అనుమానం.

జపాన్ ఫ్యాక్టరీల్లో ఫైవ్ ఎస్ అనే పద్ధతి ఉంది. అక్కర్లేనిది తీసేయడం, మిగిలినదానికి చోటు పెట్టడం, శుభ్రం చేయడం, అందరికీ ఒకే పద్ధతి, చివరిది షిట్సుకే, అంటే క్రమశిక్షణ. చాలా చోట్ల బోల్తా పడేది ఆ చివరిదాని దగ్గరే. గోడకు చెక్క కొట్టించి, ఒక్కో పానా ఆకారం పెయింట్‌తో గీయించండి, ఖాళీ కనిపించిందంటే ఏది తిరిగి రాలేదో ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున పది నిమిషాలు నిలబడే మాట్లాడుకోండి: ఏ బండి ఎవరిది, ఏ స్పేర్ పార్టు ఇంకా రాలేదు. సాయంత్రం సర్దడానికి పావుగంట, అది కూడా డ్యూటీ టైములోనే.

ఇంతకీ మీరు షెడ్డుకి ఎన్నింటికి వస్తున్నారు? అది రాయలేదు మరి!