తల్లీ, మత్తు ఇచ్చేముందు సీసా చదువు

తల్లీ,

ఎంవీపీ కాలనీలో సొంతంగా జంతువుల క్లినిక్ పెడుతున్నావని, ఆపరేషన్లు కూడా అక్కడే చేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కత్తి పట్టడం నీకు బాగా వచ్చు, నా టెన్షనంతా మత్తు గురించే.

జంతువుని తూకం వేయకుండా డోసు కట్టకు. కెటమిన్ అనే మత్తుమందు 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉంది, తాళమూ రిజిస్టరూ తప్పవు. ఆ మందు ఇస్తే కళ్లు తెరుచుకునే ఉంటాయి, కంటికి ఆయింట్‌మెంట్ పెట్టు.

ఇక పశువులకి మత్తుకి ఇచ్చే జైలజిన్. గుర్రానికి నరంలోకి కిలోకి 1.1 మిల్లీగ్రాములు పడుతుంది, ఆవుకీ గేదెకీ అందులో పదోవంతు చాలు. సీసాలు మాత్రం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 100దీ ఉంటుంది. పెందుర్తి వైపు ఓ గేదెకి కొమ్ము తీయాల్సి వచ్చి, మాతో పనిచేసే ఒకాయన హడావిడిలో 100 సీసాలోంచి రెండు మిల్లీలీటర్లు లాగి చేసేశాడు. 40 మిల్లీగ్రాములు పడాల్సినచోట 200 పడ్డాయి. అది కూలబడి పక్కకి ఒరిగింది, ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది, ముక్కులోంచి పచ్చటి కసరు కారింది. మూతి కిందికి వాలేలా తల సర్ది, గుండె మీదకి లేపి కూర్చోబెట్టేలోపే ఆ కసరు ఊపిరితిత్తుల్లోకి పోయింది. విరుగుడు యోహింబిన్ ఎవరి బ్యాగులోనూ లేదు. పాలమ్ముకుని బతికే ఇల్లు అది తల్లీ, ఆ ఇంటావిడ పలుపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

'నేను కుక్కలూ పిల్లులే చూస్తాను మామయ్యా' అంటావు. అనకు! రెక్క విరిగిన కాకిపిల్లని గౌనులో చుట్టుకుని ఇంటికి తెచ్చినదానివి నువ్వు, ఎవరో వచ్చి మా ఆవుని ఒక్కసారి చూడమ్మా అంటే కాదనగలవా? అందుకే ఆ 100ది అసలు కొనకు. చూడి చివరి నెలల్లో ఉన్న పశువుకి జైలజిన్ జోలికే పోకు, ఈచుకుపోతుంది.

కుక్కల సంగతి కూడా విను. అవి రొప్పుతూ ఒంటి వేడి దించుకుంటాయి, మత్తులో ఆ రొప్పు ఆగిపోతుంది. మన విశాఖ మే నెల ఉక్కలో ఆపరేషనయిన కుక్కని వరండాలో పడుకోబెట్టి ఫోన్ మాట్లాడుకునే పిల్లాడికి అప్పగించావంటే నేను ఊరుకోను. పిల్లులు అలా కాదు, ఏసీ గదిలో చల్లబడిపోతాయి, దుప్పటి కప్పు. పగ్ లాంటి పొట్టిముక్కు కుక్కకి బాగా తెలివొచ్చి, గుటక వేసేదాకా గొంతులో గొట్టం తీయకు.

ఏ జంతువైనా తనంతట తాను తలెత్తేదాకా పక్కనే ఉండు, యజమాని తొందరపెట్టినా సరే. మొదటి ఆపరేషన్ రోజు చెప్పు, వచ్చి ఓ మూల కూర్చుని ఊపిరి లెక్కపెడతాను. వద్దనకు.

మీ పెద్ద మామయ్య