పర్యావరణాన్ని బాగా చూసుకునే చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్లు, రాయితీలు నిజంగా పనిచేస్తాయా?

అలాంటి సర్టిఫికెట్ ఒకటి మా ఆఫీసు గోడకు వేలాడుతోంది కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నా. చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే జెడ్ (ZED) సర్టిఫికెట్‌లో మొదటి మెట్టు, బ్రాంజ్. తాడిపత్రిలో మాది నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, రెండు పాలిష్ మిషన్లు, ఒక కటింగ్ మిషన్, తొమ్మిది మంది పనివాళ్లు, అంతే. మీ వంటింటి గట్టు మీద నల్లగా మెరిసే కడప బండ ఉంటే అది మావైపు నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు. ఇప్పుడు అందరూ మోర్బీ టైల్స్ వెంట పడ్డారు. తడి కాలితో ఒకసారి జారి పడ్డాక మాత్రం బండలే నయమంటారు. సరే, ఆ బాధ వేరే.

ఒక్క ముక్కలో చెప్పమంటే, సర్టిఫికెట్ వల్ల మా దగ్గర మారింది ఒక గోడ రంగు. బోరు ఎండిపోవడం వల్ల మిగతా అంతా మారింది.

2014లో ప్రధాని ఎర్రకోట మీది నుంచి ‘జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్’ అన్నారు గుర్తుందా? సరుకులో లోపం ఉండకూడదు, ప్రకృతికి హాని జరగకూడదు అని. ఆ రెండు మాటల్లోంచి పుట్టిందే ఈ జెడ్ పథకం. 2016లో మొదలుపెట్టారు, 2022 ఏప్రిల్‌లో మార్చి మళ్లీ తెచ్చారు. బలవంతం ఏమీ లేదు, ఇష్టమున్నవాళ్లే చేరొచ్చు. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు. ఫీజులు 10,000, 40,000, 90,000. మాలాంటి సూక్ష్మ యూనిట్లకు అందులో 80 శాతం సబ్సిడీ. ఆడవాళ్ల పేరు మీద ఉంటే మొత్తం ఉచితం. మా యూనిట్ అమ్మ పేరు మీద ఉంది. అదేదో మహిళా సాధికారత అనుకునేరు, అప్పట్లో నాయనకు పాత బ్యాంకు లోను ఒకటి తీరలేదు, అందుకని.

ఆ సంగతి తెలుసుకుని ఒక కన్సల్టెంట్ అబ్బాయి అనంతపురం నుంచి బండి మీద వచ్చాడు. మెడలో ట్యాగు, చేతిలో రెండు ఫోన్లు. మొదట ప్రతిజ్ఞ చేయాలన్నాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండింది. “ఈ వయసులో బడి పిల్లోళ్ల మాదిరి నేను ప్రతిజ్ఞ చేయాల్నా నాయనా?” అని నవ్వింది. “చేయి చాపాల్సిన పని లేదమ్మా, ఓటీపీ చెప్తే చాలు” అన్నాడు. ఆరు అంకెలు చదివింది. ప్రతిజ్ఞ అయిపోయింది.

తర్వాత ఫొటోలు. ఇక్కడే అసలు కథ. షెడ్డు లోపల ముందు గోడకు రంగు వేయించాం, నేల మీద పసుపు గీతలు గీయించాం. నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు మా దగ్గర లేదు, పక్కనున్న పెట్రోలు బంకులో తెలిసిన పిల్లోణ్ణి అడిగి గంటసేపు తెచ్చుకున్నాం. హెల్మెట్లు కొత్తవి కొన్నాం. వాటి మీది ప్లాస్టిక్ కవరు తీయకుండానే ఓబులేసు పెట్టేసుకున్నాడు, ఫొటోలో తల మీద తళతళ మెరుస్తుంది చూడండి. అప్పుడు ఆ అబ్బాయి ఫోన్ అటూ ఇటూ తిప్పి అన్నాడు, “అన్నా, మీరు కొంచెం ఇట్ల రాండి. వెనక ఆ బురద గుంత పడుతోంది.”

ఆ బురద గుంత గురించి మీకు చెప్పాలి. నాపరాయి అంటే సున్నపురాయి. కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు నీళ్లు ఆగకుండా పారుతూనే ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ నీళ్లతో రాతి పొడి కలిసి బూడిదరంగు పాలలాగా కిందికి పారుతుంది. స్లర్రీ అంటాం. అది గుంతలో నిండితే ట్రాక్టరుకు ఎత్తించి ఎక్కడో ఒక చోట పోయిస్తాం. ‘ఎక్కడో ఒక చోట’ అంటే ఏమిటో మావైపు రోడ్ల పక్కన, వంకల గట్ల మీద చూస్తే మీకే అర్థమవుతుంది. తడిగా ఉన్నంతసేపు బురద. ఏప్రిల్ గాలికి ఎండి లేచిందంటే ముఖానికి పౌడరు. స్కూటరు మీద పోయేవాళ్లకు కళ్లు కనపడవు. ఇందులో మా పాలు కూడా ఉంది, దాచేదేమీ లేదు.

అంటే మా ఫ్యాక్టరీ వల్ల ఊరికి జరిగే హాని అంతా ఆ గుంతలోనే ఉంది. ఫొటోలో అదొక్కటే పడకూడదు!

ఆ అబ్బాయిది తప్పని నేననను. వాడికి ఇచ్చిన లిస్టులో అది లేదు. తర్వాత కూర్చుని మొత్తం చదివితే నాకు తెలిసింది. బ్రాంజ్‌కు ఐదు అంశాలే: నాయకత్వం, శుభ్రమైన పనిచోటు, పనివాళ్ల భద్రత, సరుకు టైముకు పంపడం, నాణ్యత. కరెంటు పొదుపు, పర్యావరణ నిర్వహణ అనేవి సిల్వర్‌లోని పద్నాలుగు అంశాల్లో వస్తాయి. సహజ వనరుల సంరక్షణ గోల్డ్‌కు పోతే గానీ కనపడదు, అక్కడ ఇరవై. పేరులో సగం ‘జీరో ఎఫెక్ట్’, మొదటి మెట్టులో ఆ ఊసే లేదు. మాలాంటి వాళ్లలో ఎక్కువమంది ఆ మొదటి మెట్టు మీదే ఫొటో దిగి ఆగిపోతాం. గోడకు తగిలించడానికి అది చాలు కదా.

లాభం ఏమీ రాలేదా అంటే, సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు లోను ప్రాసెసింగ్ ఫీజు తగ్గిస్తారని విని ఒక బ్యాంకుకు పోయాను. పేరు చెప్పను. మేనేజరు సర్టిఫికెట్‌ను వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, “బాగుంది సార్, లామినేషన్ చేయించండి” అన్నాడు.

ఇప్పుడు మా పక్క యూనిట్ మామ సంగతి చెప్తాను. ఆయన దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. ప్రతిజ్ఞ లేదు, గోడకు సున్నం కూడా లేదు. కానీ ఏడేళ్ల కిందటే మూడు తొట్లు కట్టించాడు. మిషన్ నీళ్లు మొదటి తొట్టిలోకి పోతాయి, అక్కడ లావు పొడి అడుగుకు దిగుతుంది. రెండో దాంట్లో గోనెసంచిలో పటిక కట్టి వేలాడదీస్తాడు, సన్న పొడి కూడా పేరుకుంటుంది. మూడో తొట్టికి వచ్చేసరికి నీళ్లు తేటపడతాయి, మోటారుతో మళ్లీ మిషన్‌కే. అడుగున దిగిన మడ్డిని ఎండబెట్టి సిమెంటు ఇటుకలు పోసేవాళ్లకు ఇస్తాడు. డబ్బులేం రావు, ఎత్తుకుపోయే ట్రాక్టరు ఖర్చు మిగులుతుంది.

“భూమి మీద అంత ప్రేమనా మామా?” అని ఒకసారి ఎగతాళిగా అడిగా. “ప్రేమ యాడిదప్పా, నా బోరు అప్పుడే ఎండిపాయ. ట్యాంకరోడికి రోజూ దుడ్లు కట్టలేక కట్టిచ్చినా” అన్నాడు.

ఆ ఫొటోలు దిగిన ఏడాదే మే నెలలో మా బోరు కూడా పోయింది. రెండు వారాలు ట్యాంకర్లు తోలించాం. మూడో వారం నాయన ఏమీ మాట్లాడకుండా పక్కకు పోయి మామ తొట్ల కొలతలు టేపుతో తీసుకొచ్చాడు. లక్షన్నర దాకా అయింది. ఇప్పుడు కొత్త నీళ్లు మునుపటిలో పావు వంతు కూడా పట్టవు. ఏ మంత్రిత్వ శాఖ చెప్పినా వినని మా నాయనను ట్యాంకరు బిల్లు పదిహేను రోజుల్లో దారికి తెచ్చింది.

ఇలా సర్టిఫికెట్ ఇచ్చి సరిపెట్టుకోవడం ఒక్క మన దేశం జబ్బే కాదు. అమెరికాలో వాళ్ల పర్యావరణ సంస్థ ఈపీఏ 2000లో ‘పర్ఫార్మెన్స్ ట్రాక్’ అని ఒకటి పెట్టింది. చట్టం అడిగినదానికంటే ఎక్కువ చేస్తామని ముందుకొచ్చిన ఫ్యాక్టరీలకు గుర్తింపు ఇచ్చేవాళ్లు, మామూలు తనిఖీలకు వాళ్ల వంతు వెనక్కి జరిపేవాళ్లు. ప్రచారం ఎక్కువ, పని తక్కువ అని విమర్శలొచ్చి 2009లో ఎత్తేశారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, తనిఖీల్లో సడలింపు అనేది మంచి ఎర. మాలాంటి వాళ్లకు షీల్డు కన్నా ఆఫీసు చుట్టూ ఒక తిరుగుడు తగ్గడమే ఎక్కువ. కాలుష్య మండలి అనుమతి రెన్యువల్ పెట్టుకున్నప్పుడు ఆ టెన్షన్ ఏంటో పడినవాళ్లకే తెలుసు.

నన్నడిగితే ఆ సబ్సిడీ డబ్బును సర్టిఫికెట్ ఫీజు మీద పెట్టకుండా తొట్ల మీద పెట్టాలి. నీళ్లు తిప్పి వాడుకునే ఫ్యాక్టరీకి కరెంటు బిల్లులో యూనిట్‌కు అర్ధ రూపాయి తగ్గించండి, ఆరు నెలల్లో తాడిపత్రి నుంచి బేతంచెర్ల దాకా ప్రతి షెడ్డు వెనకా తొట్లు కనపడకపోతే నన్నడగండి. ఊరికి దూరంగా స్లర్రీ పోసుకోవడానికి అందరికీ కలిపి ఒక స్థలం చూపించినా పుణ్యమే. ఇంకో మాట, ఆ ప్రశ్నాపత్రాలు తెలుగులో ఇవ్వండి. ‘డెయిలీ వర్క్స్ మేనేజ్‌మెంట్’ అంటే ఏమిటని మా సూపర్‌వైజరును అడిగితే హాజరు పుస్తకం తెచ్చి చూపించాడు.

మీకూ యూనిట్ ఉండి, తీసుకోవాలా వద్దా అన్నదే మీ సందేహమైతే తీసుకోండి. దాదాపు ఊరికే వస్తుంది, నష్టం లేదు. కానీ తొట్లు ముందు కట్టుకోండి. మొదటి తొట్టి మిగతా రెంటికన్నా పెద్దదిగా ఉండాలి, మేము మూడూ ఒకే కొలతతో కట్టి మొదటిదాన్ని వారానికి రెండుసార్లు తోడుకుంటున్నాం. మూడోదాని మీద జాలీ మాత్రం మరవకండి. మా దాంట్లో కుక్కపిల్ల పడితే ఓబులేసు దిగి తీశాడు, అప్పుడు మాత్రం హెల్మెట్ లేదు.