ట్రైఅవుట్స్ అయిపోయాయి, మా అమ్మాయికి సైన్స్ ఒలింపియాడ్ టీమ్‌లో చోటు దొరుకుతుందా?

ప్రశ్న: మావారి హెచ్-1 మీద మేం జూలైలో అమెరికా వచ్చాం. అమ్మాయి టెన్త్ గ్రేడ్‌లో చేరింది. సైన్స్ అంటే దానికి ప్రాణం. స్కూల్లో సైన్స్ ఒలింపియాడ్ టీమ్ ఉందట, కానీ ట్రైఅవుట్స్, అంటే టీమ్‌కి పిల్లల్ని ఎంచుకునే పోటీలు, సెప్టెంబర్లోనే అయిపోయాయట. ఆ టీచర్‌ని అడగడానికి దానికి బెరుకు. నేనే వెళ్ళి మాట్లాడనా? మున్ముందు మెడిసిన్‌కి పనికొస్తుందని బయాలజీ ఈవెంట్లే అడగమంటున్నాను, మంచిదేనా? మన వీసాతో ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ముందు వీసా భయం వదిలేయండి. హైస్కూల్ సైన్స్ ఒలింపియాడ్‌లో పాల్గొనడానికి ఆ స్కూల్లో చదువుతూ, 9 నుంచి 12 లోపు ఏదో ఒక గ్రేడ్‌లో ఉంటే చాలు. మీ అమ్మాయిది హెచ్-4 (హెచ్-1 వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) అన్న సంగతి ఎవరూ అడగరు. కెమిస్ట్రీ, బయాలజీలలో అమెరికా తరఫున ఇంటర్నేషనల్ ఒలింపియాడ్‌కి వెళ్ళే జట్టుకైతే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలంటారు. అది వేరే పోటీ. రెండిటి పేర్లలోనూ ఒలింపియాడ్ ఉండటంతో కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడుతుంటారు.

ఆ పేరుతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒలింపియాడ్ అనగానే మనకి ఫౌండేషన్ కోచింగ్, ఎవరికి వాళ్ళు కూర్చుని రాసే పరీక్ష, చివర్లో ర్యాంకు గుర్తొస్తాయి. 1984లో మొదలైన ఈ సైన్స్ ఒలింపియాడ్ నడక అలా ఉండదు. టీమ్‌కి 15 మంది. ఈవెంట్లు, అంటే విడివిడి పోటీలు, 23. ఒక్కో ఈవెంట్‌కి మామూలుగా ఇద్దరు, కొన్నిటికి ముగ్గురు కూర్చుంటారు. లెక్క వేసుకుంటే ఒక్కో పిల్లకీ మూడో నాలుగో ఈవెంట్లు పడతాయి. వాటిలో కొన్ని రాతపరీక్షలు, కొన్ని ల్యాబులు, కొన్ని ఇంటి దగ్గర తయారుచేసి తీసుకెళ్ళే వస్తువులు. బాల్సా కర్రతో కట్టిన టవరో, రబ్బరు బ్యాండుతో ఎగిరే విమానమో, బ్యాటరీ బండో, ఏ ఏడాది ఏవి ఉంటాయన్నది మారుతుంటుంది. రూల్స్ ఏటా సెప్టెంబరు మొదట్లో వస్తాయి. అందుకే పోయినేడు ఎవరో వాడిన నోట్సు తెచ్చుకుని అదే చదివితే కుదరదు.

ఇప్పుడు మార్కుల సంగతి కాస్త ఓపిగ్గా చదవండి. చోటు దొరుకుతుందా, బయాలజీ ఈవెంట్లే అడగాలా అన్న రెండిటికీ జవాబు ఇక్కడే ఉంది. ఒక ఈవెంట్‌లో మొదటి స్థానం వస్తే టీమ్‌కి 1 పాయింటు, రెండో స్థానానికి 2, పదో స్థానానికి 10. అలా 23 ఈవెంట్లలో వచ్చిన స్థానాలన్నీ కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. అసలు ఎవర్నీ పంపకపోతే వచ్చిన టీముల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ వేస్తారు. 40 టీములు వచ్చిన చోట ఒక ఈవెంట్ ఖాళీగా వదిలేస్తే 41 పాయింట్లు నెత్తిన పడ్డట్టే.

మీ అమ్మాయి స్కూల్లో అనాటమీ అండ్ ఫిజియాలజీ ఈవెంట్‌కి ఇప్పటికే గట్టివాళ్ళు ఇద్దరున్నారనుకోండి, వాళ్ళు నాలుగో స్థానం తెస్తున్నారనుకోండి. మీ అమ్మాయి వాళ్ళలో ఒకరిని తప్పించి, ఎంతో కష్టపడి మూడో స్థానం తెచ్చినా టీమ్‌కి కలిసొచ్చేది ఒక్క పాయింటు. అదే టీమ్‌లో ఎవరూ పట్టించుకోని ఈవెంట్ ఒకటి ముప్పయ్యో స్థానంలో పడి ఉందనుకుందాం. దాన్ని తీసుకుని పన్నెండో స్థానానికి తెస్తే 18 పాయింట్లు. ట్రోఫీ వచ్చేదీ రానిదీ తేల్చేది చాలాసార్లు ఇలాంటి ఈవెంట్లే. కెప్టెన్లకి ఈ లెక్క నోటికి తెలుసు. మన తల్లిదండ్రులకే తెలియదు. మా కౌంటీలో టోర్నమెంట్లకి వాలంటీరుగా వెళ్ళి నిలబడ్డ ఇన్నేళ్ళలో, అనాటమీ కావాలని అడిగిన తెలుగు తల్లుల్ని చాలామందిని చూశాను. ఏ ఈవెంట్‌కి మనిషి లేరో అడిగి చెప్పమన్న తల్లి ఒక్కరు కూడా కనబడలేదు.

నేనూ అలాగే అడిగినదాన్నే. మేం వచ్చినప్పుడు మావాడు తొమ్మిది పూర్తిచేసి వచ్చాడు, అచ్చం మీ అమ్మాయి లాగే. ఫిజిక్స్ ఈవెంట్ ఇస్తారని నేననుకుంటే, ‘రైట్ ఇట్ డూ ఇట్’కి పార్ట్‌నర్ కావాలి, వస్తావా అన్నారు. అందులో ఒకరికి ఏదో ఒక కట్టడం చూపిస్తారు. స్ట్రాలు, క్లిప్పులు, కాగితపు కప్పులతో కట్టిన వింత ఆకారం. చూసినవాళ్ళు దాన్ని ఎలా కట్టాలో మాటల్లో రాయాలి, బొమ్మ గీయకూడదు. ఆ కాగితం వేరే గదిలో ఉన్న పార్ట్‌నర్‌కి ఇస్తారు. ఆ పిల్ల అసలు వస్తువుని చూడకుండానే అదే కట్టాలి. వింటే నాకు మనసు చివుక్కుమంది, ఇదేం సైన్స్ అనిపించింది.

శనివారం మధ్యాహ్నం ఆ పార్ట్‌నర్ అమ్మాయి మా ఇంటికొచ్చింది. మావాడు వంటగదిలో కూర్చుని రాశాడు, ఆ అమ్మాయి హాల్లో కూర్చుని కట్టింది. వీడు రాసిన మొదటి వాక్యం: ఎర్ర స్ట్రాని కప్పుకి కుడివైపు పెట్టు. ఎవరి కుడి? కప్పు బోర్లించి ఉందా, నిలబెట్టి ఉందా? అవేవీ రాయలేదు. ఆ అమ్మాయి కట్టింది చూస్తే అసలుదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంది. ఇద్దరూ కూర్చుని ఒప్పందాలు రాసుకున్నారు. కప్పు మీద అక్షరాలున్న వైపు నీకెదురుగా పెట్టుకో. దిక్కులు గడియారం అంకెలతో చెబుతాను, నీ వైపు ఉన్నది 6. ప్రతి ముక్కకీ ముందు రంగు, తరువాత పొడవు, ఆ తరువాత ఎక్కడ తగలాలో. ఆరు వారాలకి వాడి ఇంగ్లీషు రాతలో వచ్చిన మార్పు చూసి క్లాసు టీచర్ నాకు కబురు పంపారు. రీజనల్స్‌లో, అంటే ప్రాంతీయ పోటీలో, నాలుగో స్థానం వచ్చింది. ఆ అమ్మాయి ఈ రోజుకీ మా ఇంటి మనిషే. కొత్త దేశంలో మావాడికి దొరికిన మొదటి స్నేహం అది. ఆ స్నేహం దొరకాలంటే ఎవరికో ఒక పార్ట్‌నర్ లేకపోవాలి, ఆ ఖాళీలోకి వీడు వెళ్ళాలి.

ట్రైఅవుట్స్ అయిపోయాయని బెంగ పెట్టుకోకండి. నియమాల ప్రకారం 15 మందిలో 12వ గ్రేడ్ వాళ్ళు ఏడుగురికి మించకూడదు. అంటే కనీసం ఎనిమిది చోట్లు కింది గ్రేడ్ల పిల్లలవే. చాలా స్కూళ్ళలో రెండో టీమ్, మూడో టీమ్ కూడా ఉంటాయి, ఆల్టర్నేట్లనీ (ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు ఆడేవాళ్ళని) పెట్టుకుంటారు. డిసెంబరులో సెమిస్టర్ పరీక్షలొచ్చేసరికి కొందరు తట్టుకోలేక మానేస్తారు. జనవరి తరువాత రీజనల్స్, ఆ పైన స్టేట్, మే నెలలో నేషనల్స్. మధ్యలో శనివారాలు ఇన్విటేషనల్స్, అంటే వేరే స్కూళ్ళని పిలిచి పెట్టే సాధన పోటీలు, ఉంటాయి. ఆల్టర్నేట్‌గా చేరి, పిలిచిన ప్రాక్టీసుకల్లా వెళ్ళే పిల్లకి చలికాలం పూర్తయ్యేలోపు ఏదో ఒక పార్ట్‌నర్‌షిప్ దొరకడం నేను ఎన్నోసార్లు చూశాను.

మీరు వెళ్ళి మాట్లాడొద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. చాలా టీముల్లో ఎవరికి ఏ ఈవెంట్ అన్నది పంచేది సీనియర్ పిల్లలైన కెప్టెన్లే, టీచర్ పైనుంచి చూస్తారంతే. అమ్మ వచ్చి అడిగిందని తెలిస్తే పదహారు, పదిహేడేళ్ళ ఆ కెప్టెన్లకి మీ అమ్మాయి మీద నమ్మకం కుదరదు. మెయిల్ మీ అమ్మాయే రాయాలి. నాలుగైదు వాక్యాలు చాలు. ఏ గ్రేడ్, ఎప్పుడు వచ్చింది, ఇప్పటిదాకా ఏం చదివింది, ట్రైఅవుట్స్ నాటికి ఈ క్లబ్ సంగతి ఎందుకు తెలియలేదు, ఏ రెండు ఈవెంట్లంటే ఇష్టం. ఆఖరి వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి: పార్ట్‌నర్ లేని ఈవెంట్ ఏదైనా ఉంటే నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, ప్రాక్టీసుకి ఎప్పుడు రమ్మంటారు? ఇక్కడ టీచర్‌ని ఇంటిపేరుకి ముందు మిస్టరో మిసెస్సో చేర్చి పిలుస్తారు, కళ్ళలోకి చూసి మాట్లాడతారు, తెలియంది తెలియదని అడుగుతారు. అది అమర్యాద కాదని మీ అమ్మాయికి మీరే చెప్పాలి. మన పిల్లలు ఆగిపోయేది అక్కడే.

బయాలజీ మీదే మనసుంటే ‘డిసీజ్ డిటెక్టివ్స్’ చూడమనండి. పిక్నిక్‌కి వెళ్ళినవాళ్ళలో కొందరికి వాంతులయ్యాయంటారు. ఫలానాది తిన్నవాళ్ళెంతమంది, వాళ్ళలో జబ్బుపడ్డవాళ్ళెంతమంది, తిననివాళ్ళలో ఎంతమంది అని పట్టిక వేసి, కారణం ఏమై ఉంటుందో తేల్చాలి. బట్టీ పట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. లెక్కల్లో గట్టిగా ఉండే మన పిల్లలు త్వరగా అందుకుంటారు. ల్యాబ్ ఈవెంట్లు మాత్రం వేరు. సమీకరణాలు నోటికొచ్చిన పిల్ల కూడా బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం) పట్టుకోగానే తడబడుతుంది, ఎందుకంటే చేత్తో చేసిన అనుభవం తక్కువ. నెలకి నాలుగుసార్లు చేస్తే ఆ తడబాటూ పోతుంది. కొన్ని ఈవెంట్లకి నోట్సు కాగితం తీసుకెళ్ళనిస్తారని విని ఆశ్చర్యపోకండి. ఆ ఒక్క కాగితం మీద ఏది రాయాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడమే సగం చదువు.

కెమిస్ట్రీ ల్యాబ్ వస్తే రసాయనాలు కంట్లో పడకుండా పెట్టుకునే కళ్ళద్దాల సంగతి జాగ్రత్త. గాగుల్స్ తెమ్మన్నారు కదా అని నేను దొరికినవి కొన్నాను. పక్కన గాలి కోసం నేరుగా రంధ్రాలున్న రకం అవి. ఆ రంధ్రాల్లోంచి ద్రవం చింది కంట్లో పడొచ్చు కాబట్టి పోటీ రోజు తలుపు దగ్గరే ఆపేశారు. తప్పు నాదే, రూల్స్‌లో రసాయనాలు చిందినా లోపలికి రాని, గాలి పక్కదారిన వెళ్ళే రకం అని స్పష్టంగా రాసి ఉంది. వేరే స్కూల్ కోచ్ ఒకాయన తన సంచిలోంచి అదనపు జత తీసిచ్చి పంపకపోతే ఆ రోజు మావాడు బయటే నిలబడేవాడు. అప్పటినుంచి నా కారులో ఎప్పుడూ రెండు జతలు అదనంగా ఉంటాయి.

కట్టే ఈవెంట్ వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. అది నియమం. దాన్ని ఎలా కట్టారో పిల్లలు అడిగితే చెప్పగలగాలి. ఒక నాన్నగారు రాత్రంతా కూర్చుని ఎంతో అందమైన టవర్ కట్టిచ్చారు. జడ్జి ఆ జిగురు ఎందుకు వాడావమ్మా అని మామూలుగానే అడిగితే ఆ పిల్ల నోట మాట రాలేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆ ముఖం నేనింకా మరిచిపోలేదు. విరిగిపోయేదైనా సరే, పిల్ల తన చేత్తో కట్టిందే తీసుకెళ్ళనివ్వండి.

మీ అమ్మాయికి నెమ్మదిగా తయారుచేసుకోవడం కంటే ఠక్కున జవాబు చెప్పడం ఇష్టమైతే సైన్స్ బౌల్ కూడా ఉంది. అమెరికా ఇంధన శాఖ 1991 నుంచి నడుపుతోంది. టీమ్‌లో నలుగురు ఆడతారు, ఒకరు ఆల్టర్నేట్. బజర్ నొక్కినా, మధ్యవర్తి మిమ్మల్ని గుర్తించి పిలిచాకే జవాబు చెప్పాలి, లేకపోతే ఒప్పుకోరు. ఆప్షన్లు కూడా ఏ, బీ, సీ, డీ ఉండవు, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ ఉంటాయి. మొదటిసారి ఆడినప్పుడు పిల్లలు ఈ రెండిట్లోనే పొరపాటు చేస్తారు. కాకపోతే ఐదుగురికే చోటు కాబట్టి కొత్తవాళ్ళకి సైన్స్ ఒలింపియాడే మేలన్నది నా అభిప్రాయం.

మీరు చెయ్యాల్సినవి కూడా ఉన్నాయి. అనుమతి పత్రం, హెల్త్ ఫామ్ గడువులోగా సంతకం చేసి పంపండి. క్లబ్ ఫీజు భారమైతే టీచర్‌ని ఫీజు మాఫీ ఉందా అని అడగమనండి, ఇక్కడ దాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. శనివారం తెల్లవారుజామున స్కూల్ దగ్గర దింపాలి. ఇంట్లో ఒకటే కారు ఉంటే ముందే కార్‌పూల్ చూసుకోండి. వాలంటీరుగా రావాలనుకుంటే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి ఇప్పుడే అప్లై చేయండి, పూర్తికావడానికి వారాలు పడుతుంది. కాలేజీ అడ్మిషన్ల గురించి మాత్రం ఈ ఏడాది ఇంట్లో ఎత్తకండి, పిల్లకి ప్రాక్టీసంటేనే భయం పుడుతుంది.

మెయిల్‌కి వారంలో జవాబు రాకపోతే టీచర్ మీద అలగాల్సిన పని లేదు, వాళ్ళకి రోజూ బోలెడు మెయిళ్ళు వస్తాయి. క్లబ్ ఏ రోజు కలుస్తుందో ఆఫీసులో అడిగి, ఆ సాయంత్రం నేరుగా ఆ గదికి వెళ్ళమనండి. పాత పరీక్షా పేపరు ముందు పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న పిల్లో పిల్లాడో ఒకరు తప్పకుండా ఉంటారు. వాళ్ళ పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, రెండో ప్రశ్న నేను చేయనా అని అడగమనండి.