వేరే కంప్యూటర్‌లో ఎగ్జీ ఓపెన్ కావట్లేదు, కంపైలర్ మార్చాలా?

మింగ్‌డబ్ల్యూతో (విండోస్‌లో వాడే జీసీసీ కంపైలర్) బిల్డ్ చేసిన సీ++ ప్రోగ్రామ్ మీ లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది, స్నేహితుడి దగ్గర మాత్రం లిబ్‌ఎస్‌టీడీసీ++-6.డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన విడి లైబ్రరీ ఫైల్) లేదంటోంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ స్టూడియోకి మారితే ఈ తలనొప్పి పోతుందా అని కదా మీ ప్రశ్న. పోదండీ. అక్కడికెళ్తే వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ లేదంటుంది, అంతే తేడా. మీ దగ్గర నడవడానికి కారణం కంపైలర్ బిన్ ఫోల్డర్ మీ పాత్‌లో (విండోస్ ఫైళ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉండటమే.

నేను షాపులకు బిల్లింగ్ ప్రోగ్రామ్‌లు రాసి ఇస్తుంటాను, చాలాచోట్ల నెట్ కూడా ఉండదు. ఒక మందుల షాపులో కౌంటర్ దగ్గరి కుర్రాడు ఎర్రర్‌లో కనబడిన డీఎల్ఎల్ పేరు గూగుల్‌లో కొట్టి, ఏదో సైట్ నుంచి 32 బిట్ ఫైల్ దింపి విండోస్ సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేశాడు. ఇంకేముంది, 64 బిట్ ప్రోగ్రామ్ 0ఎక్స్‌సీ000007బీ అంటూ మొండికేసింది. అతన్ని ఏమనగలం, రన్‌టైమ్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన కంపైలర్ లైబ్రరీలు) వెంట పంపాల్సింది మనమే.

కంపైలర్ ఏదన్నది మీరు వాడే లైబ్రరీలను బట్టి తేల్చుకోండి. బయటి నుంచి రెడీగా బిల్డ్ చేసిన సీ++ లైబ్రరీ తెచ్చుకుంటే అది ఏ కంపైలర్‌తో చేశారో దాంతోనే వెళ్లాలి, ఎందుకంటే జీసీసీ, మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఫంక్షన్ల పేర్లను లోపల వేర్వేరుగా రాస్తాయి, లింక్ కావు, అంటే ఒకే ఎగ్జీగా కలవవు. సీ ఇంటర్‌ఫేస్ ఉన్నవైతే చాలావరకు ఇబ్బంది లేదు.

మీది చిన్న ప్రోగ్రామ్ అయితే మారకండి, లింక్ చేసేటప్పుడు -స్టాటిక్ ఇవ్వండి. ఎగ్జీ సైజు కొంచెం పెరుగుతుంది గానీ లిబ్‌జీసీసీ, లిబ్‌ఎస్‌టీడీసీ++, విన్‌పీథ్రెడ్ అనే రన్‌టైమ్ లైబ్రరీలు మూడూ అందులోకే వచ్చేస్తాయి. జీసీసీ లైసెన్స్‌లో రన్‌టైమ్‌కు ప్రత్యేక మినహాయింపు ఉంది కాబట్టి సోర్స్ ఇవ్వాల్సి వస్తుందేమో అన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. క్యూటీ (విండోలు, బటన్లు చేసుకునే లైబ్రరీ) వాడుతుంటే మాత్రం దాని ఉచిత వెర్షన్ చాలావరకు ఎల్‌జీపీఎల్ లైసెన్స్‌లో ఉంటుంది, దాన్ని స్టాటిక్‌గా కలిపితే షరతులు పెరుగుతాయి, డీఎల్ఎల్‌గానే ఉంచి దాంతోపాటు వచ్చే విన్‌డిప్లాయ్‌క్యూటీ టూల్‌తో కావాల్సిన ఫైళ్ల ఫోల్డర్ తయారు చేసుకోవడం మేలు.

మైక్రోసాఫ్ట్ వైపు వెళ్తే /ఎంటీ అనే కంపైలర్ ఆప్షన్ పెడితే రన్‌టైమ్ ఎగ్జీలోనే ఉంటుంది. కానీ మీకే సొంత డీఎల్ఎల్‌లు నాలుగైదు ఉంటే అది వద్దు, ఒక్కోదాంట్లో విడివిడిగా రన్‌టైమ్ కాపీ ఉండి, ఒకచోట తీసుకున్న మెమరీని ఇంకోచోట వదిలితే క్రాష్ అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు /ఎండీ (రన్‌టైమ్ విడి డీఎల్ఎల్‌లుగా ఉండే ఆప్షన్) పెట్టి, రీడిస్ట్రిబ్యూటబుల్‌ను (మైక్రోసాఫ్ట్ ఇచ్చే రన్‌టైమ్ ప్యాకేజీ) మీ ఇన్‌స్టాలర్‌లోనే పెట్టి చడీచప్పుడు లేకుండా ఇన్‌స్టాల్ అయ్యేలా చూడండి, "దీన్ని డౌన్‌లోడ్ చేసుకోండి" అని కస్టమర్‌కు చెప్పకండి. విజువల్ స్టూడియో 2015 నుంచి 2022 వరకు అన్ని వెర్షన్‌లకూ ఒకటే ప్యాకేజీ సరిపోతుంది, కాకపోతే అది మీ కంపైలర్ కంటే పాతది కాకూడదు. డీబగ్ బిల్డ్ (తప్పులు వెతకడానికి మన దగ్గర చేసుకునేది) పంపకండి, ఆ డీఎల్ఎల్‌లు పంచడానికి అనుమతే లేదు.

ఏం చేసినా కంపైలర్ లేని కంప్యూటర్‌లో ఒకసారి నడిపి చూడండి. విండోస్ ప్రో ఉంటే అందులోని శాండ్‌బాక్స్ (విడిగా తెరుచుకునే ఖాళీ విండోస్) చాలు. ఈలోగా కమాండ్ ప్రాంప్ట్‌లో మింగ్‌డబ్ల్యూ టూల్ అయిన ఆబ్జ్‌డంప్‌ -పీ తర్వాత మీ ఎగ్జీ పేరు ఇచ్చి రన్ చేసి, డీఎల్ఎల్ నేమ్ అని వచ్చే లైన్లన్నీ ఇక్కడ పెట్టండి, ఏవి వెంట పంపాలో చూసి చెప్తాను.