బండ మీద మరకా, యాసిడ్ కాటా?

ప్ర: మామిడికాయ తొక్కు జాడీ పగిలి వంటింట్లో నీలం తాండూరు బండ మీద నూనె పారింది. సబ్బు నీళ్లతో రుద్దితే పసుపు మరక ఎర్రబడింది. నూనె మచ్చ నల్లగా అట్లనే ఉంది. పది రోజులైంది. పోతుందా?
– ఒక గృహిణి, నకిరేకల్

జ: పోతుందమ్మా, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది. ముందు ఆ ఎరుపు సంగతి. పసుపుకు సబ్బు గానీ సోడా గానీ తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు జరిగేదీ ఇదే. మంచినీళ్లతో రెండుమూడు సార్లు కడిగితే మళ్లీ పచ్చబడుతుంది. కంగారుపడి నిమ్మకాయ మాత్రం పిండకండి. తాండూరు, షాబాద్ బండలు రెండూ సున్నపురాయి జాతివే, పులుపు వాటిని తినేస్తుంది.

నూనె పైన లేదు, రాయి లోపలికి ఇంకింది. ఇప్పుడెంత రుద్దినా రాదు, పీల్చి బయటికి లాగాలి. రంగుల దుకాణంలో దొరికే చాక్ పౌడర్ పావు కిలో తీసుకుని, రెండు చెంచాల బట్టల సోడా కలపండి. కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ లప్పంలా గట్టిగా చేయండి. దోశపిండిలా జారితే పనిచేయదు. మచ్చ మీద అర అంగుళం మందం, చుట్టూ అంగుళం ఎక్కువగా పట్టించి, పాలిథీన్ కవరు కప్పి అంచులకు టేపు వేయండి. 24 గంటల తర్వాత కవరు తీసి, పట్టు పూర్తిగా ఎండేదాకా వదిలేయండి. అసలు పని ఈ ఎండటంలోనే జరుగుతుంది: తడి పైకి వస్తూ నూనెను తెస్తుంది. తొందరపడి తడి మీదే గీకేస్తే నూనె ఉన్నచోటే ఉంటుంది. ఎండాక ప్లాస్టిక్ గరిటెతో తీసి, కడిగి, ఆరాక చూడండి. తడి బండ ఎప్పుడూ నల్లగానే కనపడుతుంది. మచ్చ సగమే తగ్గితే మళ్లీ వేయండి. పాత నూనెకు రెండు మూడు పట్లు మామూలే.

నూనె పోయాక కూడా పచ్చదనం మిగిలితే, అదే చాక్ పౌడర్‌ను నీళ్లకు బదులు మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి పట్టు వేయండి. చేతులకు గ్లౌజులు ఉండాలి. నీలం బండ రంగు కాస్త వెలిసే అవకాశం ఉంది కాబట్టి ముందు సిలిండర్ వెనకో తలుపు మూలో ఒక చిన్న చుక్కతో చూసుకోండి. ఇదే మరక వాకిట్లో అయి ఉంటే ఏమీ చేయక్కర్లేదు. పసుపు ఎండకు ఆగదు.

మళ్లీ ఒలికితే తుడవకండి, గుడ్డతో తుడిస్తే మచ్చ మూడింతలవుతుంది. పిండి గానీ టాల్కం పౌడర్ గానీ గుప్పెడు చల్లి, పావుగంట ఆగి ఎత్తేయండి.

ప్ర: బండలు పరిచాక మేస్త్రీ సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడిగిండు. బుసబుస నురుగొచ్చింది. ఇప్పుడు హాలంతా తెల్లగా, గరుకుగా ఉంది. ఏ లిక్విడ్ వాడితే మెరుపొస్తది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జ: ఏ లిక్విడ్‌తోనూ రాదు. ఆ నురుగు మీ బండదే. యాసిడ్ సున్నపురాయిని కరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోతుంది, పై పాలిష్ దాంతోపాటే పోతుంది. మరకైతే తీయొచ్చు, ఇది కాటు. కాటుపడ్డ చోట రాయిని మళ్లీ నున్న చేయాల్సిందే.

సందుల్లో యాసిడ్ మిగిలి ఉంటుంది, ముందు బకెట్ నీళ్లలో గుప్పెడు బట్టల సోడా వేసి కడిగి, తర్వాత మంచినీళ్లతో కడగండి. అరచేతంత మచ్చయితే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తెచ్చి నీళ్లు చల్లుతూ 400, 600, 800, 1200 నంబర్లు వరసగా చేత్తో రుద్దొచ్చు. మధ్యలో ఏ నంబరైనా వదిలేస్తే గీతలు మిగులుతాయి. హాలంతా అంటే మాత్రం పాలిష్ మిషన్ వాళ్లే. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిది ఇదే గుణం, బాత్రూం గడప దాటనీయకండి. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకేచోట ఎప్పుడూ వాడొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఇంకా ఇల్లు కడుతున్నవాళ్లకు: సిమెంటు పాలు గట్టిపడకముందే రంపపు పొట్టుతో రుద్దించండి. గట్టిపడితే లప్పం పట్టీతో గీకించండి. యాసిడ్ డబ్బా లోపలికి రాకుండా చూసే బాధ్యత ఇంటివాళ్లదే.

ప్ర: గ్రానైట్ గట్టు మీద నల్లా చుట్టూ తెల్లటి పొర. మాది ఫ్లోరైడ్ ఊరు, అందువల్లేనా?
– మర్రిగూడ

జ: కాదు. అది ఉప్పు నీళ్లు ఆరినప్పుడు మిగిలే కాల్షియం పొర. సబ్బు నీళ్లు చల్లి కొత్త బ్లేడును పడుకోబెట్టి తోయండి, లేచిపోతుంది. గ్రానైట్‌ను సున్నపురాయిలా పులుపు కరిగించదు గానీ, నల్ల రాళ్లలో కొన్నింటికి రంగు పట్టించి అమ్ముతారు. తెల్ల దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి మూలన రుద్దండి. దూది నల్లబడితే నిమ్మరసం, వెనిగర్ మానుకోండి. గట్టును చివర్లో మిషన్ భగీరథ నీళ్లతో తుడిచి పొడిగుడ్డ వేస్తే పొర తొందరగా కట్టదు.

ప్ర: కొత్త ఇల్లు. షాబాద్ బండల సందుల్లో రోజూ తెల్లపొడి లేస్తోంది. తుడిస్తే మాయమై తెల్లారేసరికి మళ్లీ వస్తోంది. నీళ్లు ఇంకకుండా పూసే సీలర్ కొట్టిస్తే ఆగుతుందా?
– జడ్చర్ల

జ: ఇప్పుడే కొట్టించకండి. కింది సిమెంటులోనూ మట్టిలోనూ ఉన్న లవణాలు తడితో పైకొచ్చి ఆరుతున్నాయి. తడిగుడ్డ పెడితే అవే మళ్లీ కరిగి లోపలికి పోతాయి. పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తేయండి, కిటికీలు తెరిచి ఉంచండి. పైన మూసేస్తే లవణం పొర కిందే గట్టిపడి బండను రేకులు రేకులుగా లేపుతుంది.

ఒకటిన్నర అడుగు చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. కింద చెమ్మ పడితే ఇంకా ఆగాలి. ఒక్క గోడ వెంబడే తెలుపు వస్తుంటే బాత్రూం పైపు చూపించండి.

చెమ్మ ఆగాక సైలేన్ రకం, అంటే రాయిలోకి ఇంకే సీలర్ అడగండి. వార్నిష్‌లా పైన పొర కట్టేది వద్దు, అది లేస్తుంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే వచ్చే మెరుపు రెండు రోజులే, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. సీలర్ పూశాక ఇంకనిది డబ్బా మీద రాసిన సమయంలోపే తుడిచేయాలి, లేకపోతే జిగటగా చారలు పడతాయి. తర్వాత అప్పుడప్పుడు బండ మీద నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు చూడండి. చుక్క కింద రాయి నల్లబడితే మళ్లీ పూయించే వేళయింది.