అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి నేను ఇరుక్కున్న సంగతి, ఇప్పుడేం చేస్తున్నానన్న సంగతి

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇది: ముప్పై దాకా అకౌంట్లున్నాయి, ఒకటే పాస్‌వర్డ్‌కి చివర అంకె మార్చుకుంటూ నెట్టుకొస్తున్నారు, ఆఫీసువాళ్లేమో మూడు నెలలకోసారి మార్చమని చంపుతున్నారు, మీ అమ్మగారు అన్నీ నోటుబుక్కులో రాసుకుంటే తమ్ముడు తిడుతున్నాడు, పాస్‌వర్డ్‌లు దాచే యాప్‌ని నమ్మొచ్చా లేదా అని.

నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో పదకొండేళ్లు నెట్ సెంటర్ నడిపాను. ఉద్యోగాల అప్లికేషన్లు, స్కాలర్‌షిప్పులు, హాల్ టికెట్లు, ఈ-ఆధార్ ప్రింట్లు, ఇదే పని. చెప్పుకోకూడదు గానీ మా ఊళ్లో జనం పాస్‌వర్డ్‌లు నాకు తెలిసినన్ని వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా తెలియవు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ?" అని అడిగితే వరుసలో పదిమంది నిలబడి ఉండగానే గట్టిగా చెప్పేవాళ్లు సగం మంది, "ఏదోటి పెట్టేయ్ బాబూ, నాకేటి గుర్తుంటాది" అనేవాళ్లు మిగతా సగం. ఆ ఏదోటి ఏమిటంటే పేరు, మొదటి అక్షరం పెద్దది, తర్వాత ఎట్ గుర్తు (@), తర్వాత 123. వెబ్‌సైట్ పెద్దక్షరం అడిగింది, ఇచ్చాం, గుర్తు అడిగింది, ఇచ్చాం, అంకె అడిగింది, ఇచ్చాం, అది కూడా పచ్చరంగు గీత చూపించి చాలా బలంగా ఉంది అని మెచ్చుకునేది. పని తెమలాలి కదా అని నేనే వందలమందికి అలా పెట్టాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టేవాళ్లు ఇంకో రకం. దానికి కారణం కూడా నాకు తెలుసు. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవాలంటే ఇంగ్లీషు పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దవిగా కొట్టి, పుట్టిన సంవత్సరం కలపాలి. ఆ అలవాటు చేతిలో పడి అదే మెయిల్‌కీ పెట్టేస్తారు. మన ఆధార్ జిరాక్సులు సిమ్ముల షాపులో, లాడ్జీలో, నాలాంటి నెట్ సెంటర్ డెస్కు కింద అట్టపెట్టెలో ఎన్నున్నాయో లెక్కుందా? పేరూ పుట్టిన తేదీ దాని మీదే ఉంటాయి.

ఇంత తెలిసినవాణ్ణి నేనే దొరికిపోయాను. 2023లో, సంక్రాంతి అయ్యాక. నా పాస్‌వర్డ్ పేరు-123 రకం కాదు, గట్టిదే, పన్నెండు అక్షరాలు, గుర్తులూ అంకెలూ అన్నీ ఉన్నాయి, కాకపోతే మెయిల్‌కి అదే, ఫేస్‌బుక్‌కి అదే, ఎప్పుడో చెప్పులు కొనడానికి ఒక్కసారి తెరిచిన షాపింగ్ సైట్‌కీ అదే. ఆ సైట్ పేరెందుకులెండి. వాళ్ల దగ్గర్నుంచి కస్టమర్ల మెయిళ్లూ పాస్‌వర్డ్‌లూ బయటికి పోయాయి. నా పాస్‌వర్డ్‌ని ఊహించడానికి ఎవడూ కష్టపడలేదు, ఎక్కడో దొరికిన తాళంచెవిని పట్టుకుని వీధిలో ప్రతి తలుపుకీ పెట్టి తిప్పాడు, అంతే. అది మనిషి కూర్చుని చేసే పని కూడా కాదు, ప్రోగ్రామ్ చేస్తుంది, లక్షల అకౌంట్ల మీద వరసగా.

హైదరాబాద్‌లో ఉండే మా బావకి నా ఫేస్‌బుక్‌లోంచి మెసేజ్ వెళ్లింది, "బావా ప్లీజ్ అర్జెంటు, ఎనిమిది వేలు పంపు, సాయంత్రం వేసేస్తాను" అని. పంపేశాడు పాపం. నాకు బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన్ని ప్లీజ్ అన్నది లేదు, అక్కడైనా అనుమానం రావాలి కదా అని ఇప్పటికీ ఏడిపిస్తుంటాను. రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేసి డబ్బులడిగితేగానీ నాకు విషయం తెలియలేదు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అప్పుడు ఫోన్ చేశాం. ఆ నంబరుకి వెంటనే చేస్తే డబ్బు ఇంకా అవతలి అకౌంట్లో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది, మేం చేసేసరికి అది నాలుగు అకౌంట్లు మారిపోయింది. ఎనిమిది వేలు నేనే కట్టాను.

అందుకని మీ ముప్పై అకౌంట్లలో మొదట సరిచేయాల్సింది బ్యాంకుది కాదు, మెయిల్. మిగతా అన్నింటిలో "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కితే లింకు వచ్చి పడేది మెయిల్‌కే, అది దొంగ చేతిలో ఉంటే మిగతావి ఎంత గట్టిగా పెట్టుకున్నా ఒకటే. ఈ రాత్రే దానికి ఎక్కడా వాడని కొత్త పాస్‌వర్డ్ పెట్టి, రెండో అంచె తనిఖీ (టూ-స్టెప్ వెరిఫికేషన్) ఆన్ చేయండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ముప్పై సెకన్లకోసారి అంకెలు మారే ఆథెంటికేటర్ యాప్ మేలు. గూగుల్ అయితే పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింట్ తీసి ఇంట్లో పెట్టండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోకండి, ఫోన్ పోయినప్పుడే కదా వాటితో పని.

చివర అంకె మార్చడం మాత్రం మానేయండి. ఒకటి దొరికితే మిగతావి చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. మూడు నెలలకోసారి మార్చమనే రూలు ఎక్కడిదంటే, అమెరికాలో ఇలాంటి ప్రమాణాలు రాసే ప్రభుత్వ సంస్థ నిస్ట్ అని ఒకటుంది, 2003లో అక్కడ పనిచేసే బిల్ బర్ రాసిన పత్రంలోంచే పెద్దక్షరం-గుర్తు-అంకె పద్ధతీ, తరచూ మార్చే పద్ధతీ ప్రపంచమంతా పాకాయి. 2017లో ఆయనే అందులో చాలావాటికి చింతిస్తున్నానన్నాడు, అదే ఏడు నిస్ట్ కూడా పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించొద్దని రాసింది. మీ ఆఫీసుదాకా ఆ కబురు ఇంకా రాలేదు. వాళ్లతో గొడవ పెట్టుకోకండి, మార్చమన్నప్పుడల్లా పాస్‌వర్డ్‌లు దాచే యాప్ చేతే కొత్తది తయారు చేయించండి.

యాప్ సంగతి. నమ్మొచ్చు, నేను బిట్‌వార్డెన్ వాడుతున్నాను, ఉచితమే, ఫోన్‌లో కంప్యూటర్‌లో రెండింట్లో పనిచేస్తుంది. నెట్‌తో సంబంధం లేకుండా మన కంప్యూటర్‌లోనే ఫైలుగా ఉండాలంటే కీపాస్ ఉంది. ఇవేవీ వద్దనుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్‌దే ఉంటుంది, ఒకటే పాస్‌వర్డ్ వాడటం కంటే అది వెయ్యి రెట్లు నయం. 2022లో లాస్ట్‌పాస్ అనే ఇలాంటి కంపెనీ నుంచే దొంగలు కస్టమర్ల తిజోరీలు ఎత్తుకెళ్లారు, కాదనను, అందులో పాస్‌వర్డ్‌లు తాళం వేసే ఉన్నాయి గానీ ఆ తాళం మనం పెట్టుకున్న మాస్టర్ పాస్‌వర్డే, అంటే యాప్ తెరవడానికి కొట్టే ఒక్క పాస్‌వర్డ్. అది బలహీనంగా ఉన్నవాళ్లకి టెన్షన్. దీన్లో ఇంకో లాభం నాకు వాడాకే తెలిసింది. బ్యాంకు పేరుతో దొంగ లింకు వచ్చిందనుకోండి, పేజీ అచ్చు అలాగే ఉంటుంది, మన కన్ను మోసపోతుంది, యాప్ మాత్రం అడ్రసు వేరని చూసి పాస్‌వర్డ్ నింపదు. ఎందుకు నింపట్లేదబ్బా అని ఒక్క నిమిషం ఆగుతాం చూశారా, అది చాలు.

మాస్టర్ పాస్‌వర్డ్‌కి సంబంధం లేని మాటలు వరసగా పెట్టుకోండి. దీనికి 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన డైస్‌వేర్ అని ఒక పద్ధతి పెట్టాడు, ఐదు పాచికలు వేసి 7,776 మాటల జాబితాలోంచి ఒక్కో మాట తీయడం. నాలుగు మాటలకే మూడు వేల ఆరువందల లక్షల కోట్ల పైన కలయికలు వస్తాయి, మాస్టర్‌కి ఆరు పెట్టుకోమంటారు. పాచికలు లేకపోతే నేనేం చేశానంటే, పేపరు తెరిచి కళ్లు మూసుకుని వేలు పెట్టి మాటలు ఏరాను, పాచికలంత కచ్చితం కాదు గానీ మన బుర్రలోంచి తీసేకన్నా నయం. బుర్రలోంచి తీస్తే మనందరికీ ఒకటే వస్తుంది, అరసవల్లి, పైడితల్లి, హీరో పేరు. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త: నేను గోంగూర అని ఒక మాట పెట్టి, మూడో రోజుకి అందులో "యూ" ఒకటి కొట్టానా "ఓ"లు రెండు కొట్టానా గుర్తులేక అరగంట కుస్తీ పట్టాను. మొదటి వారం కాగితం మీద రాసుకుని, చేతికి అలవాటయ్యాక చింపేయండి.

బయట కంప్యూటర్‌లో లాగిన్ అయితే "పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా" అన్నదానికి వద్దు అనండి. మా సెంటర్‌లో మూడో నంబరు కంప్యూటర్‌లో ఒకసారి చూస్తే నలభై మందివి ఉన్నాయి, సెట్టింగ్స్‌లోకెళ్లి కన్ను బొమ్మ నొక్కితే అన్నీ బయటే. అన్నీ తుడిచేసి ఆ ఆప్షనే ఆపేశాను, అందరు ఓనర్లూ ఆపుతారని గ్యారంటీ లేదు.

ఫోన్ నంబరు సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ మన జిల్లాల్లో అది పెద్ద బాధ. గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల పడవల మీదకి పనికెళ్లి ఎనిమిది నెలలకి వచ్చిన కుర్రాడొకడు మా దగ్గరకొచ్చాడు, రీచార్జి లేక సిమ్ ఆగిపోయింది, మెయిల్‌కీ బ్యాంకుకీ అదే నంబరు. ఆగిపోయిన నంబరుని కనీసం తొంభై రోజులు ఆపి తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఇతనిది అప్పటికే ఎవరికో వెళ్లిపోయింది, అంటే ఇతని ఓటీపీలు వాళ్లకి వెళ్తున్నాయి. నంబరు మారిస్తే పాతది పోకముందే మెయిల్‌లో, బ్యాంకులో మార్చుకోండి.

మీ మెయిల్ ఎక్కడైనా లీకైందో లేదో "హావ్ ఐ బీన్ పోన్డ్" (Have I Been Pwned) అనే సైట్‌లో చూసుకోవచ్చు, ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013 నుంచి నడుపుతున్నాడు. నా చెప్పుల షాపు పేరు నాకు అక్కడే కనిపించింది.

ఇక అమ్మగారి నోటుబుక్కు. తమ్ముణ్ణి కాస్త ఊరుకోమనండి. రష్యాలో కూర్చున్న హ్యాకర్ మీ విజయనగరం ఇంటికొచ్చి బీరువా తీయడు, ఇంట్లో రాసుకున్న వేర్వేరు పాస్‌వర్డ్‌లు మనసులో పెట్టుకున్న ఒకటే పాస్‌వర్డ్ కంటే ఎన్నో రెట్లు మంచివి. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం అందులో రాయొద్దనండి, ఆ పుస్తకం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కొద్దనండి. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు అన్న ముక్క మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయించండి, మా అమ్మ చేత అలాగే రాయించాను. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరూ ముట్టుకోకుండా అట్ట మీద "పాల లెక్కలు" అని రాసుకుంది. మొన్న మా చిన్నాన్న వచ్చినప్పుడు పాలవాడొస్తే, ఇంట్లో ఎవరూ లేరని, ఆ పుస్తకం తీసి కరెంటు ఆఫీసు పాస్‌వర్డ్ పక్కన "రెండు లీటర్లు, ఇచ్చేశాం" అని రాసేశాడు.