గది వేడి రాయని వ్యాసం

సిరోంచ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. "వాటర్ కూలర్‌కు మెరుగులు" అన్న శీర్షిక చూసి మా ఇంట్లో అందరూ కిటికీకి పెట్టే గడ్డి కూలర్ గురించే అనుకున్నారు. ఇక్కడైనా మీ బల్లార్షాలోనైనా ఆ మాటకు అర్థం అదే కదా. ఇది కంప్యూటర్ ప్రాసెసర్ మీద కూర్చునే చిన్న పంపు, రెండు గొట్టాలు, ఫ్యాన్లు బిగించిన ఒక రేడియేటర్ అని మొదట్లోనే చెప్పెయ్.

ఇక అసలు సంగతి. కూలర్‌తో వచ్చిన కంపెనీ ఫ్యాన్లతో ప్రాసెసర్ వేడి 84 డిగ్రీలు, ఫ్యాన్లు మార్చాక 73, అంటే 11 డిగ్రీలు తగ్గాయని మురిసిపోయావు. మొదటి పరీక్ష మధ్యాహ్నం 3 గంటలకు. రెండోది రాత్రి 11కు, అదీ గది కూలర్ వేసుకుని! మేలో చంద్రపూర్ వైపు ఎండ 45 దాటుతుందని నీకు నేను చెప్పాలా? ఈ నీళ్ల కూలర్ ప్రాసెసర్ వేడిని తెచ్చి గది గాలిలో పారబోస్తుంది, అంతే. గది కంటే చల్లగా చేయడం దాని వల్ల కాదు. మధ్యాహ్నం గది 40 ఉందనుకో, 84 అంటే గది మీద 44 ఎక్కువ. రాత్రి 30 ఉంటే 73 అంటే 43 ఎక్కువ. అప్పుడు నీ కొత్త ఫ్యాన్లు తగ్గించింది ఒక్క డిగ్రీ.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. రెండు మట్టికుండల్లో ఏది బాగా చల్లబరుస్తుందో ఒకప్పుడు రాశాను. ఒక పెద్దావిడ ఇంటికొచ్చి మరీ అడిగింది, "రెండూ ఒకే చోట పెట్టావా నాయనా?" ఒకటి వసారాలో, ఇంకోటి వంటింట్లో పెట్టాను. ఏం చెప్పను?

ఇంకోటి, 5 నిమిషాలకే అంకె రాసుకున్నావు. లోపలి నీళ్లు వేడెక్కడానికి టైం పడుతుంది. ప్రాసెసర్‌కు అరగంట గట్టి పని పెట్టి, అంకె కదలడం ఆగాక రాసుకో.

నాకు బాగా నచ్చిన వాక్యాన్ని నువ్వు చివర్లో పడేశావు. రేడియేటర్ సందుల్లో నల్లటి దుమ్ము పేరుకుందనీ, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే అరచేయి బొగ్గు పట్టుకున్నట్టయిందనీ. బొగ్గు గనుల పక్కన ఉండేవాడికే దొరికే సంగతి అది. దాన్ని ముందుకు తే. దులపకముందు ఎంత, దులిపాక ఎంత? ఫ్యాన్లు మార్చిన రోజే దుమ్మూ దులిపితే ఏది పనిచేసిందో ఎవరికి తెలుస్తుంది?

కూలర్ మూత విప్పి బోరు నీళ్లు నింపానని ధైర్యంగా రాశావు. చవక రకాల్లో ప్రాసెసర్‌ను తాకే అడుగు పలక రాగిది, రేడియేటర్ అల్యూమినియంది. బోరు నీళ్ల లాంటి ఉప్పు నీళ్లు రెంటినీ కలిపితే అల్యూమినియం తినుకుపోతుంది. అలా కాకుండా ఉండేందుకే కంపెనీ ద్రవంలో మందు కలుపుతారు. తప్పు చేశావని సిగ్గుపడి ఆ పేరా తీసేయకు. దాన్ని చూసి ఇంకొకడు ఆగుతాడు. పంపులో గుడగుడ అన్నావు, అది గాలి. రేడియేటర్‌ను పంపుకంటే పైకి బిగిస్తే గాలి పైకి పోతుంది.

మా గోడ థర్మామీటర్ చంద్రపూర్ బస్సులో పంపిస్తున్నా. కంపెనీ ఫ్యాన్లు అమ్మేయలేదు కదా? మళ్లీ బిగించాలి మరి.

మీ అన్న